గాలిపత్తి కానిది

మా బడి వాతావరణ పుస్తకంలోంచి మూడు వాక్యాలు పోయిన రోజు 1961 జనవరి పదకొండు, బుధవారం. పోయాయంటే కాగితం చినగలేదు, సిరా చెదరలేదు. వానలెక్కల అధికారి పర్శరాములు గారు వాటి మీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత గీశారు. స్కేలు లేకుండా ఆయన ఏదీ కొట్టివేయరు.

ఆ మూడు వాక్యాలు ఇవి: "ఈ పొద్దు చెరువుకు దక్షిణపు ఒడ్డున తెల్లటిది పడ్డది. పత్తి కాదు. ఎత్తితే నీళ్లయింది."

రాసింది నా భార్య తారాబాయి.

పుస్తకం నా పేరున ఉంటుంది. నీలగాం బడిలో నేనొక్కడినే పంతులును కాబట్టి వానడబ్బా, థర్మామీటరు, పుస్తకం మూడూ నాకే అప్పగించారు. పొద్దున ఆరింటికి చూసి రాయాలని నియమం. ఆరింటికి నేను గొంగడిలో ఉంటాను. తారాబాయి ఐదింటికే లేస్తుంది. పెళ్లయిన రెండో ఏడే ఆ పని ఆమె చేతికి పోయింది. నియమం ప్రకారం తప్పే. పదకొండేళ్లు ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. నీలగాం అదిలాబాదుకు పద్నాలుగు మైళ్లు. చెరువు పెద్దది, ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు మనిషి ఆడో మగో తెలియదు. ఉత్తరపు ఒడ్డున పత్తి జిన్నింగు మిల్లు. దక్షిణపు ఒడ్డున మేము. చలికాలమంతా గాలి ఉత్తరం నుంచే వస్తుంది. మిల్లు కిటికీల్లోంచి, రేకుల సందుల్లోంచి లేచిన దూది ఆ గాలికి చెరువు దాటి వచ్చి మా కంచెల మీద, గడ్డివాముల మీద వాలుతుంది. దానిని గాలిపత్తి అంటారు. దక్షిణపు ఒడ్డున ప్రతి మెత్తా, ప్రతి బొంతా గాలిపత్తిదే. ఎవరి కంచె మీద పడ్డది వాళ్లది. బాట మీద పడ్డది ముందు ఎత్తినవాళ్లది. రెండిళ్ల మధ్య ఉన్న కంచె మీద పడితే ఎవరిదన్నది ఇంకా తేలలేదు. రోజూ తెల్లవారుజామున ఆ విషయమే విచారణలో ఉంటుంది.

ఆ విచారణలో ముఖ్యులు నాగవ్వ, పోచవ్వ. ఇద్దరూ ఏరాళ్లు, అన్నదమ్ముల భార్యలు. ఇద్దరి ఇళ్లకూ ఒకటే కంచె.

ఇక పాఠం సంగతి. 1960 డిసెంబరులో నాలుగో తరగతికి చలిదేశాల గురించి చెప్పాను. ఉత్తరాన కొన్ని దేశాల్లో సముద్రాల్లాంటి చెరువులు ఉంటాయి. గడ్డకట్టని ఆ నీళ్ల మీదుగా చలిగాలి వీచినప్పుడు ఆవిరిని ఎత్తుకొని పోయి, అవతలి ఒడ్డున మంచుగా పడేస్తుంది. ఈ ఒడ్డున ఎండ కాస్తున్నా ఆ ఒడ్డున ఇండ్లు మునిగేంత మంచు పడుతుంది. ఇది చెప్పి పలకలు తుడిపించాను.

బడికీ మా వంటింటికీ గోడ ఒకటే. మధ్యాహ్నం రొట్టె పెడుతూ తారాబాయి అడిగింది.

"మన చెరువు చెయ్యదా సారూ?"

ఊరంతా నన్ను సారూ అంటారు. ఆమె కూడా అనేది, వేరే స్వరంతో.

"చెయ్యదు. మన చలి చాలదు. చెరువు చిన్నది."

"ఎన్నడన్న తెల్లారి లేచి చూసినవా చెరువును?"

చూడలేదన్నాను.

"చూడకుంటనే చిన్నదంటున్నవు" అని చెరువు తరఫున ఆమె కోపం తెచ్చుకుంది. ఆ పూట నాకు రెండో రొట్టె మీద నెయ్యి రాలేదు.

జనవరి ఆరున, శుక్రవారం నాడు, తెల్లవారకముందే మా వాకిట్లో పెద్ద గొడవ. నాగవ్వ గంపనిండా గాలిపత్తి ఎత్తి, తడిగా ఉందని పొయ్యి పక్కన ఆరబెట్టిందట. కాసేపటికి చూస్తే గంపలో పత్తి లేదు, కింద నీళ్ల మడుగు. పోచవ్వ పత్తి దొంగిలించి నీళ్లు పోసిపోయిందని ఆమె ఫిర్యాదు. పోచవ్వ కూడా గంప పట్టుకొనే వచ్చింది. ఆమెదీ అదే ఫిర్యాదు.

"నా పత్తి గుంజుకపోయి నీళ్లు పోస్తవా? నీ చేతులు పడిపోను!"

"నేను పోసిన్నా? నా పొయ్యి ఆర్పింది ఎవరక్కా మరి? నీ నీళ్లే!"

ఇంత చలిలో ఇద్దరూ ఒకరింట్లో ఒకరు నీళ్లు పోసుకుంటూ తిరిగారా అని గొంగడిలోనే అనుకున్నాను. అనుకొని గొంగడి తల మీదికి లాక్కున్నాను. తారాబాయి బయటికి పోయి ఇద్దరి కంచె చూసింది. ఇంకా కొంత మిగిలి ఉంది. చేతితో ఎత్తింది. తరువాత వచ్చి పుస్తకం తీసి, థర్మామీటరు ముప్పై నాలుగు అని రాసి, దాని పక్కన ఆ మూడు వాక్యాలు రాసింది. మాది పాత ఫారన్‌హీటు థర్మామీటరు. అందులో ముప్పై రెండు దగ్గర నీళ్లు గడ్డకడతాయి.

నేను లేచేసరికి ఎండ వచ్చింది. కంచె మీద ఏమీ లేదు.

ఐదు రోజులకు పర్శరాములు గారు వచ్చారు. ఏడాదికోసారి జనవరిలో వస్తారు. పుస్తకం మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుస చదువుతూ ఆ మూడు వాక్యాల దగ్గర ఆగారు.

"గిదేంది? తెల్లటిదేంది?"

"మంచు కావచ్చునండి."

"గీ మూలకు మంచా? ఎదురుంగ జిన్ను మిల్లు పెట్టుకొని మంచంటరా? పత్తి అది. మీరు మీ కండ్లతోని చూసిన్రా?"

నేను మాటల విషయంలో జాగ్రత్త గల మనిషిని. చూడలేదు కాబట్టి చూడలేదన్నాను. చూసినవారు గోడ అవతల ఉన్నారని చెప్పవచ్చు. చెబితే పుస్తకం ఎవరు రాస్తున్నారన్నది బయటపడుతుంది. చెప్పలేదు. ఆయన స్కేలు తీశారు.

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. సాయంత్రం ఆమె ఇంతే అన్నది: "చూడలేదనే గద అన్నవు. అబద్ధమైతే ఆడలే."

శ్రావణంలో ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. ఐదో రోజు ఆమె లేదు.

ఆ తరువాత పుస్తకం నేనే రాయవలసి వచ్చింది. దీపావళి దాటాక ఐదున్నరకు లేచి, లాంతరు పట్టుకొని థర్మామీటరు దగ్గరికి పోయేవాణ్ని. సరిగా కనిపించక లాంతరు దగ్గరగా పెట్టేవాణ్ని. చూస్తుండగానే పాదరసం పైకి పాకేది. అలా మొదటి పది రోజుల లెక్కల ప్రకారం నీలగాంలో ఆ నవంబరులో వడగాలులు వీచాయి. నాగవ్వ కంచె దగ్గర నుంచి చూసి చూసి ఒకరోజు పట్టలేక అన్నది.

"గట్ల గాదు సారూ. తారమ్మ లాంతరు అవతల పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూస్తుండె. మీరు థర్మామీటరు మీద ఊదుతున్నరు."

అప్పటి నుంచి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చలి తిరిగి వచ్చింది.

రోజూ పుస్తకం తెరిచినప్పుడల్లా వెనక పేజీల్లో ఆ ఎర్రగీత కనబడేది. నాకు కావలసింది ఒకటే. జనవరిలో పర్శరాములు గారు వచ్చినప్పుడు ఆ తెల్లటిది మళ్లీ పడాలి, ఆయన చూడాలి, ఆ గీత పోవాలి. ఇందులో మొదటిది నా చేతిలో లేదు. కనీసం పడినదాన్ని ఎవరూ గంపలకు ఎత్తకుండా ఆపవచ్చు అనుకున్నాను. డిసెంబరు మొదటి ఆదివారం దక్షిణపు ఒడ్డు ఆడవాళ్లను బడి అరుగు మీదికి పిలిచాను.

"తెల్లగా కనబడగానే ఎత్తకండి. నన్ను పిలవండి" అన్నాను.

"మీరు అచ్చేదాంక పోచవ్వ ఆగుతదా సారూ?" అన్నది నాగవ్వ.

"నేనాగుత. అక్క ఆగుతదా అడుగుండ్రి. అక్క కంటె ముందు అక్క గంప లేస్తది."

"పత్తే అయితే? మీ ముచ్చటకు మా మెత్తలు పోగొట్టుకోవాల్నా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. న్యాయమైన ప్రశ్న. పోయిన చలికాలంలో పత్తికీ దానికీ తేడా ఎందుకు తెలియలేదని అడిగాను.

"ఎట్ల తెలుస్తది సారూ? చీకటి. సలికి చేతులు కట్టెలైతయ్. ఏది పట్టుకున్నా ఒక్క తీరే ఉంటది" అన్నది పోచవ్వ. వెంటనే తానే అన్నది: "చేతికి తెల్వకున్నా నాలికెకు తెలుస్తది గద."

అరుగు మీద అందరూ ఆ మాట గురించి ఆలోచించారు. ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. నాకు కూడా. అలా నియమం ఏర్పడింది. తెల్లగా కనబడితే ముందు నాలుక పెట్టాలి. పత్తి అయితే ఎత్తుకోవాలి. చల్లగా నీళ్లయితే కేకవేయాలి.

మరునాడు తెల్లవారుజామున థర్మామీటరు చూడబోయి చూస్తే, మసక వెలుతురులో బాట పొడుగునా మా ఊరి ఆడవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకొని, వంగి, కంచెలను నాకుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. పని పనే. వారం గడిచేసరికి మగవాళ్లు కూడా మొదలుపెట్టారు.

పొరపాట్లు జరిగాయి. నాగవ్వ ఒకరోజు కేకవేసింది. తీరా చూస్తే అది ముందురోజు సాయంత్రం పోచవ్వ వేసిన సున్నం. ఆ నోరు మంట తగ్గేవరకు ఊరు ప్రశాంతంగా ఉంది. గొర్రెల ఇస్తారి తాత చెరువు గట్టు మీది రాయిని పరీక్షించాడు. కొంగలు కూర్చునే రాయి అది. "పత్తి గాదు" అన్నాడు. ఉమ్మి, "మంచు గుడ గాదు" అన్నాడు. మధ్యాహ్నం దాకా చెరువు నీళ్లతో నోరు పుక్కిలిస్తూనే ఉన్నాడు.

డిసెంబరు చివర ఉత్తరపు ఒడ్డు నుంచి దేవదాస్ సైకిలు మీద వచ్చాడు. మిల్లులో మేస్త్రీ. బడి ముందు సైకిలు ఆపి, లోపలికి రాకుండా మాట్లాడాడు.

"సారూ, ఏమనుకోకుండ్రి. మీ ఒడ్డోళ్లు పత్తి తింటున్నరని మిల్లుల ఒక్కటే ముచ్చట. సేటు పరేషానైండు. అంత కరువచ్చిందా అని అడిగి రమ్మన్నడు."

తినడం లేదని చెప్పాను. పాఠమంతా మళ్లీ చెప్పాను. గాలి, చెరువు, ఆవిరి, అవతలి ఒడ్డు. దేవదాస్ శ్రద్ధగా విన్నాడు.

"అంటే గాలి మా దిక్కు నుంచి అస్తది. చెరువు ఇద్దరిది. పడేది మటుకు మీకేనా?"

"పుస్తకంలో అట్లే ఉంది."

"గా పుస్తకం రాసినోడు మీ ఒడ్డోడే అయ్యుంటడు" అన్నాడు.

మరునాటి నుంచి అతను, మరి నలుగురు మిల్లు కూలీలు, తెల్లవారుజామున కట్ట మీదుగా నడిచి వచ్చి మా కంచెల దగ్గర వరుసలో నిలబడడం మొదలుపెట్టారు. తమ వాటా ఏమైనా పడుతుందేమో చూడాలట. పోచవ్వ వాళ్లకు పాత కంచె ఒకటి చూపించింది. మంచి కంచెలు ఊరివాళ్లకే.

1962 జనవరి తొమ్మిదిన, మంగళవారం, మిల్లు ఆగిన తరువాత, పొద్దుగూకి ఏడు గంటలకు పర్శరాములు గారి ఎడ్లబండి వచ్చింది. రెండు స్వెట్టర్లు, మఫ్లరు, మేజోళ్ల మీద చెప్పులు. దిగుతూనే నా చేయి పట్టుకున్నారు.

"మీ ఇంటామె సంగతి విన్న కైలాసం గారూ. మంచి మనిషి. గంత మంచి చాయ నాకు తాలూకాల ఎక్కడ దొరకలే."

ఆ రాత్రి భోజనానికి రొట్టె నేనే చేశాను. ఆయన ఏమీ అనకుండా సగం తిన్నారు. చేయి కడుక్కున్నాక పుస్తకం ముందు పెట్టాను. పోయిన ఏటి పేజీ తీశాను.

"ఇవి నేను రాసినవి కావు" అన్నాను. "ఆమె రాసింది. పదకొండేళ్లు ఆమే రాసింది."

"నాకెరుకే" అన్నారు. "మీ అక్షరాలు కుడిదిక్కు ఒరుగుతయ్. ఇవి నిలబడి ఉన్నయ్."

"తెలిసే కొట్టేశారా?"

"అక్షరాలు చూసి కొట్టెయ్యలే. పత్తి అని కొట్టేసిన. మాది హుస్నాబాద్ దగ్గర. ఏడు తరాల సంది నేత పని. మా అవ్వ రాట్నం మీదికెల్లి లేచి నన్ను కన్నది, కని మళ్ల కూసున్నది. ఇంక వేరేదాంట్ల నన్ను తప్పు పట్టుండ్రి గని పత్తి కాడ గాదు."

"రేపు తెల్లవారి నాతో రండి. పత్తి కాదని మీకే తెలిస్తే ఆ గీత తీసేయాలి."

"గీత తీసేసుడు సర్కారుల లేదు" అన్నారు. నా ముఖం చూసి, "రేపైతే రానీయుండ్రి" అని మఫ్లరు చెవుల కిందికి లాక్కున్నారు.

పొద్దున థర్మామీటరు ముప్పై మూడు చూపించింది. తువ్వాలు సరిగానే అడ్డం పెట్టుకున్నాను. మరోసారి చూశాను. ముప్పై మూడే. చెరువు మీద, అన్నం గంజి వార్చేటప్పుడు లేచినట్టు ఆవిరి లేస్తోంది. గాలి దాన్ని మా వైపు నెడుతోంది. తారాబాయి ఏ తెల్లవారుజామున ఏమి చూసిందో నేను మొదటిసారి చూశాను.

పర్శరాములు గారు నోట్లో వేపపుల్లతో బయటికి వచ్చారు. బాట పొడుగునా నలభై మంది వంగి ఉన్నారు. ఆయన పుల్ల నమలడం ఆపారు.

"ఏమైంది గీళ్లకు? ఏం రోగమిది?"

"పరీక్షిస్తున్నారు" అన్నాను.

అప్పుడే నాగవ్వ కేక. "సారూ! రాండ్రి, ఉరుకుండ్రి! అచ్చింది!"

బడి ముందున్న కంచె దగ్గరికి పోయాను. ముళ్ల మీద, ఎండుటాకుల అంచుల మీద, దొడ్డుప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. వంగి నాలుక పెట్టాను. చల్లగా తగిలి నీళ్లయింది. వెంటనే లేవలేకపోయాను.

"ఏంది సారూ, అవునా కాదా?" అన్నది పోచవ్వ.

"అవును" అన్నాను.

పర్శరాములు గారు తొందరపడలేదు. కంచె మీద నుంచి చిటికెడు తీశారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెలితిప్పారు. అంగుళం పొడుగు దారం వచ్చింది. దానిని పైకెత్తి అందరికీ చూపించారు.

"మంచుకు దారమస్తదా?"

బాట మీద నలభై మంది ఒక్కసారి ఉసూరుమన్నారు. నిన్న సాయంత్రం దాకా మిల్లు నడిచింది. కంచె మీద దూది ఉంది, దూది మీద ఇది పడింది.

"దారం నిన్నటిది సారూ, మీదున్నది ఈ పొద్దుటిది" అన్నది నాగవ్వ.

"మీద కింద నాకు లేదు. దారమచ్చిందా లేదా?"

ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన ఎర్రసిరా బుడ్డి కూడా తెచ్చుకున్నారని నాకు తెలుసు. అప్పుడు పాత కంచె దగ్గర నుంచి దేవదాస్ వచ్చాడు. మిల్లు మీద మాట పడ్డందుకో, వాటా దక్కనందుకో, ముఖం ముడుచుకొని ఉన్నాడు.

"జర ఆగుండ్రి సారూ. మిల్లు ఎన్నింటికి బందైంది? ఆరింటికి. నేనే బంద్ చేసిన. మీ బండి ఊళ్లెకు ఎన్నింటికి అచ్చింది?"

"ఏడింటికి."

"మరి మీ బండి మీద పత్తెట్ల పడ్తది?"

అందరూ బండి వైపు తిరిగారు. బడి మైదానంలో ఎడ్లను విప్పి పెట్టిన బండి. కాడి ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఉంది.

పర్శరాములు గారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. లెక్కలో తప్పు వెతుకుతున్నారని తెలుస్తోంది. దొరకలేదు. కాడి మీద నుంచి చిటికెడు తీసి మెలితిప్పారు. మళ్లీ తిప్పారు. వేళ్లు చూసుకున్నారు.

"దారమైతలేదు" అన్నారు. వెంటనే, "గని ఖాయంగ చెప్పలేను. వేళ్లకు సోయి లేదు" అన్నారు.

"గందుకే సారూ నాలికె" అన్నది పోచవ్వ, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆయన నా వైపు చూశారు, బండివాని వైపు చూశారు, ఎద్దుల వైపు చూశారు. వేపపుల్ల నా చేతికిచ్చారు. మఫ్లరు విప్పి పోచవ్వ చేతికిచ్చారు. ఎందుకో కళ్లద్దాలు కూడా తీసి నాగవ్వకిచ్చారు. తరువాత కాడి మీదికి వంగారు.

నలభై మంది దగ్గరికి జరిగారు. ఒక ఎద్దు మెడ తిప్పి చూసింది. అది రోజూ మెడ పెట్టే చోటు అది.

ఆయన లేచారు. కళ్లు మూసుకొని ఉన్నారు.

"చల్లగున్నది" అన్నారు.

"ఇంక?" అన్నది నాగవ్వ.

"నీళ్లయింది."

"ఇంక?"

"ఇంకో జాగ చూడాలె. ఒక్కసారికి పరీక్ష ఖాయం గాదు."

జానెడు జరిగి మళ్లీ వంగారు. తరువాత ఇంకో జానెడు. నాలుగోసారికి పరీక్ష అనడం మానేశారు. కాడి ఆ చివరకు చేరేసరికి సగం మీసం తడిసింది. ముఖం మీద యాభై నాలుగేళ్ల అధికారి లేడు.

"మా హుస్నాబాదుల గిట్ల పడదు" అన్నారు, ఎవరితోనూ కాకుండా.

"పడదు మరి. మీకు గింత చెరువున్నదా?" అన్నాడు ఇస్తారి తాత.

బండివాడు మాత్రం నొచ్చుకున్నాడు. "నన్నడిగితే నేనే కడుగుదును గద సారూ" అన్నాడు.

ఎండ పొడిచింది. పావుగంటలో కాడి మీద, కంచెల మీద తడి మాత్రమే మిగిలింది. నాగవ్వ అలవాటు ఆపుకోలేక గంప నింపుకుంది. అది కారుతుంటే నెత్తిన పెట్టుకొనే ఇంటికి పోయింది. దేవదాస్ పోతూ పోతూ, ఒక్క ఏడాది గాలి మళ్లించే ఉపాయం ఏదైనా పుస్తకంలో ఉంటే చెప్పమన్నాడు.

బడిలోకి వచ్చి పర్శరాములు గారు పుస్తకం తెరిచారు. ఆ రోజు వరుసలో మంచు పడ్డదని నేను రాశాను. ఆయన చదివి, పక్కన చిన్న సంతకం పెట్టారు. తరువాత పోయిన ఏటి పేజీ తీశారు. ఆ ఎర్రగీత మీద వేలు పెట్టారు.

"పోయినేడు మీ కండ్లతోని చూసిన్రా అని అడిగిన. చూసినామె గోడ అవతల ఉన్నది. ఆమెను పిలిచి అడగాలె. అడగలే" అన్నారు.

నేను కూడా పిలవలేదని అన్నాను.

"గీత తీసేసుడు నా చేతుల లేదు. గని పక్కన జాగ ఉన్నది. కొట్టేసిన మాట సరైందేనని తేలితే, పుస్తకం ఎవరి పేరున ఉన్నదో వాళ్లు తమ చేతితోని మళ్ల రాయొచ్చు. కింద నేను సంతకం పెట్టాలె. గట్లనే రాయుండ్రి."

"నా మాటల్లో రాయాలా, ఆమె మాటల్లోనా?"

"ఆమె మాటలే రాయుండ్రి. మీ మాటలైతే జాగ సరిపోదు."

కలం ముంచి తేదీ రాశాను. నా అక్షరాలు కుడివైపు ఒరుగుతాయి. ఆ తేదీ కూడా ఒరిగింది. పక్కన ఎర్రగీత కింద నిలువుగా నిలబడ్డ అక్షరాలు కనబడుతున్నాయి. కలం మీది సిరా ఆరిపోయింది. మళ్లీ ముంచాను. మళ్లీ ఆరింది.

బయట బండివాడు ఎద్దులను కట్టాడు. పిల్లలు రావడం మొదలుపెట్టారు. పర్శరాములు గారు కాసేపు కిటికీలోంచి చెరువును చూస్తున్నట్టు నిలబడ్డారు. తరువాత పుస్తకం తన వైపు తిప్పుకొని, మూడు వరుసలకు సరిపడా చోటు వదిలి, కింద సంతకం చేశారు.

"ఖాళీ జాగ కింద సంతకం చేసుడు నా నౌకరిల ఇదే మొదలు. ఎవరికి చెప్పకుండ్రి" అన్నారు. మఫ్లరు కోసం పోచవ్వ ఇంటికి, అద్దాల కోసం నాగవ్వ ఇంటికి పోయి, రెండిళ్లలోనూ చాయ తాగి, బండెక్కారు.

ఇప్పుడు ఫిబ్రవరి ముగుస్తోంది. చలి పోయింది. పుస్తకంలో పోయిన ఏటి పేజీ పక్కన తేదీ ఉంది, కింద ఆయన సంతకం ఉంది. మధ్యలో ఆ మూడు వాక్యాలు నేను ఇంకా రాయలేదు.